ఆగితే మాది, ఆగకపోతే సమ్మక్కది

ఖమ్మం

పద్దెనిమిదేళ్లు మా కారు దారిలో ఎక్కడా ఆగకూడదని ప్రార్థించినవాణ్ణి, మొన్న మార్చి మొదటి వారంలో రెండు రోజుల పాటు ఒక్కసారైనా ఆగాలని ప్రార్థించాను. రెండూ ఒకే దేవుడి దగ్గరికే వెళ్లాయి కాబట్టి ఆయన కాస్త తికమక పడి ఉంటాడు.

ముందు కారు సంగతి చెప్పాలి. తెల్ల కారు అని కొన్నాం. ఇప్పుడు అది ఏ రంగు అని అడిగితే మా ఇంట్లో ముగ్గురం మూడు జవాబులు చెబుతాం. డీజిలు బండి. మీటరు మీద నాలుగు లక్షల పదకొండు వేల కిలోమీటర్లు దాటాయి. నేను ఖమ్మంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నా భార్య సువార్త దుమ్ముగూడెం సర్కారు దవాఖానాలో నర్సుగా చేసింది. సోమవారం పొద్దున్నే కారేసుకుని వెళ్తే మళ్లీ శనివారం సాయంత్రానికి వచ్చేది. ఆదివారం చర్చికి మాత్రం నేను నడిపేవాణ్ణి. అంటే వారంలో ఆరు రోజులు కారు ఆమెది, ఒక్క రోజు నాది. కారు గురించి మాట్లాడే హక్కు మాత్రం ఏడు రోజులూ నాదే.

ఆ హక్కును బాగానే వాడుకున్నాను. ఆరాధన అయ్యాక చర్చి బయట ఎవరైనా తమ బండి రిపేరు గురించి మాటెత్తితే చాలు, పట్టుకునేవాణ్ణి. బండి ఆయుష్షు కంపెనీ చేతిలో ఉండదని, యజమాని చేతిలో ఉంటుందని, ఏటా క్రిస్మస్ ముందు నేను తప్పకుండా ఆయిల్ మార్పిస్తానని, అందుకే మా కారు ఇన్ని లక్షలు తిరిగిందని చెప్పేవాణ్ణి. కొందరు విని మెచ్చుకున్నారు. కొందరు నన్ను చూడగానే వేరే గేటు నుంచి వెళ్లడం మొదలుపెట్టారు.

సువార్త రిటైరై పది నెలలైంది. మా అమ్మాయి కొత్త కారు కొన్నది. మా పాత బండి పట్టా కప్పుకుని గోడ పక్కన నిలబడిపోయింది. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ సువార్త, "కారు సమ్మక్కకు ఇద్దామండి. నిలబెడితే బండి జల్దీ పోతది," అన్నది.

సమ్మక్క దుమ్ముగూడెం అవతలి కోయ పల్లెలో పుట్టిన పిల్ల. సువార్త దగ్గరే పని నేర్చుకుంది, ఈ కారులోనే డ్రైవింగ్ కూడా నేర్చుకుంది. ఇప్పుడు అదే దవాఖానాలో నర్సు. ఆరు పల్లెలు ఆమె కిందికి వస్తాయి. అన్నీ స్కూటీ మీద తిరుగుతుంది. వానాకాలంలో సగం దారి స్కూటీ ఆమెను మోస్తే, మిగతా సగం ఆమె స్కూటీని మోస్తుంది.

ఇవ్వనని నేను ఎలా అంటాను? అందుకని పెద్దమనిషిలా ముఖం పెట్టి, ముసలి బండి కదా, అడవిలో ఆగితే ఆ పిల్ల గతేమిటి అన్నాను. అనకుండా ఉండాల్సింది. సువార్త వెంటనే అందుకుంది.

"సరే. ఇక్కణ్ణుంచి సమ్మక్క ఇంటి దాక మీరే నడపండి. దారిల ఒక్కసారి మొరాయించినా వెనక్కి తెచ్చుకుందాం. ఆగకపోతే తాళం ఆమె చేతుల పెట్టి బస్సెక్కుదాం."

ఒప్పుకున్నాను. నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి నా కోసం ఒక్కసారి ఆగకపోతుందా అని ఆశ.

ఏన్కూరు

వైరా దాటి తల్లాడ వచ్చేదాకా రోడ్డుకు రెండు పక్కలా మిర్చి ఆరబోసి ఉంది. అద్దాలు ఎక్కించుకున్నా తుమ్ములు ఆగలేదు. కారు మాత్రం ఒక్కసారి కూడా తుమ్మలేదు. డెబ్బై మీద నెమ్మదిగా, బుద్ధిగా, ఎవరో పెళ్లిచూపులకు తీసుకెళ్తున్నట్టు నడిచింది. నాకు ఒళ్లు మండింది.

ఏన్కూరు దగ్గర వెనక నుంచి టకటకమని చప్పుడు. నా ప్రాణం లేచి వచ్చింది. "విన్నావా?" అన్నాను. సువార్త విన్నానన్నది. పక్కకు ఆపి, దిగి, చక్రాలు చూశాను, వంగి కింద చూశాను. చప్పుడు వచ్చింది కాబట్టి లోపల ఏదో విరిగి ఉంటుందని, సస్పెన్షన్ అయి ఉంటుందని, ముందుకు పోవడం క్షేమం కాదని చెబుతుండగానే ఆమె వెనక తలుపు తీసి సీటు కింద చెయ్యి పెట్టింది. ఎప్పటిదో దగ్గు మందు సీసా. సగం ఖాళీ. మలుపు వచ్చినప్పుడల్లా ఇటు దొర్లి అటు దొర్లి తలుపుకు కొట్టుకుంటోంది.

ఆగింది కదా అన్నాను. ఆగలేదు, మీరు ఆపారు అన్నది. ఆ తేడా మీద అక్కడి చాయ్ బండి ఆమెను తీర్పు అడిగాం. కథంతా విని ఆమె, మనిషి తనంతట తాను కూర్చోవడం వేరు, కూలబడటం వేరు అని సువార్త వైపే చెప్పింది. చాయ్ పది రూపాయలు. ఖమ్మంలోనూ పదే. కాకపోతే ఇక్కడ గ్లాసు చిన్నది, చక్కెర పెద్దది. మిర్చి బజ్జీ నాలుగు ఇరవై. నా మీద తీర్పు చెప్పినందుకు ఇంకో బజ్జీ ఊరికే వేసింది. ఆ ఊరి మిరపకాయ గొంతు దిగేసరికి సస్పెన్షన్ సంగతి మరిచిపోయాను.

జూలూరుపాడు

జూలూరుపాడులో ఖాసిం భాయ్ షెడ్డు ఉంది. సువార్త వారం వారం ఆ దారినే వెళ్లేది కాబట్టి ఆమెకు బాగా తెలిసిన మెకానిక్. నేను ఆయనను రెండు మూడు సార్లకు మించి చూడలేదు. రంజాన్ మాసం కావడంతో ఉపవాసం మీద ఉన్నాడు. తను గుటక మింగడం లేదు కానీ మమ్మల్ని కూర్చోబెట్టి, కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి తానే ఇచ్చాడు. మా ఇంట్లో ఎవరైనా ఒక పూట ఉపవాసం ఉంటే ఆ పూట అందరి మీదా కేకలే. ఈయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి, ముఖంలో మాత్రం నవ్వు తగ్గలేదు.

కారు నుంచి మాట రాబట్టడానికి ఇదే చోటు అనిపించింది. దాని రోగాలన్నీ వరసగా ఏకరువు పెట్టాను. చలికాలం పొద్దున దగ్గుతుందని, గేరు గట్టిగా ఉందని, ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుందని, పొగ వస్తుందని చెప్పాను. ఖాసిం భాయ్ అన్నీ విన్నాడు. కర్రపిడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని, ఇంజన్ నడుస్తుండగా మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. నాలుగు చోట్ల విన్నాడు. దవాఖానాలో ఏ డాక్టరూ నన్ను అంత శ్రద్ధగా వినలేదు.

"మంచిగనే ఉన్నది సార్," అన్నాడు.

ఒకసారి విప్పి చూడమన్నాను. నడుస్తున్న ఇంజన్‌ను విప్పడం తన పద్ధతి కాదన్నాడు. ఇంకొంచెం బతిమాలేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. సువార్త అసలు సంగతి చెప్పింది. ఖాసిం భాయ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"ఏంది సార్, సంబంధం ఇష్టంలేనోళ్లు పిల్లోనికి లేని రోగాలు అంటగట్టినట్టున్నది మీ యవ్వారం."

తర్వాత సువార్త వైపు తిరిగి, ఈసారి రంజాన్‌కు ముందు బండి ఎందుకు తేలేదని అడిగాడు. అదేమిటి, రంజాన్‌కు ముందు ఎందుకు తేవాలి అన్నాను నేను. ఆయిల్ మార్చడానికి అన్నాడు. ఉపవాసాల నెల ఒంటిపూటే షెడ్డు తీస్తాడట. అందుకని ఏటా నెలవంక కనపడేలోపు తెలిసిన బండ్లన్నిటికీ ఆయిల్ మార్చి పంపిస్తాడట. మా కారు వచ్చిన కొత్తలో రంజాన్ వానాకాలంలో వచ్చేదని, అప్పటి నుంచీ మారుస్తూనే ఉన్నానని చెప్పాడు.

నేను సువార్త వైపు చూశాను. "మీరు ఫోన్ల చెప్పి చేయిస్తున్నరనుకున్న," అన్నది ఆమె. నేను ఫోన్ చేసింది లేదు. క్రిస్మస్‌కు నేను మార్పిస్తున్నానని ఖాసిం భాయ్‌కి తెలియదు. నా ఉపన్యాసాలు విన్న వాళ్లందరి ముఖాలూ ఒక్కొక్కటే కళ్ల ముందు కదిలాయి.

భద్రాచలం

కొత్తగూడెం, పాల్వంచ దాటి మధ్యాహ్నానికి సారపాక చేరాం. వంతెన మీద లారీల వరస. పదిహేను నిమిషాలు కదిలీ కదలనట్టు ఎండలో ఉన్నాం. ఇంజన్ వేడి సూది పైకి ఎక్కుతుందేమోనని కళ్లార్పకుండా చూశాను. అది సగంలో నిలబడి నన్నే చూసింది. కింద గోదావరి ఇసుక మధ్య సన్నగా పారుతోంది.

భోజనం నూట ఇరవై. గోంగూర, పప్పు, ముద్దకూర, పెరుగు. అన్నం అడిగినంత. మా ఖమ్మంలో రెండోసారి అన్నం అడిగితే సర్వర్ ముఖం చూడాల్సి వస్తుంది. ఇక్కడ వద్దన్నా వడ్డించి, తినకపోతే ముఖం మాడ్చుకుంటారు. యాత్రికులకు అలవాటైన చెయ్యి అనుకుంటాను. బయట ఇప్పపువ్వు లడ్డు కనపడితే అరకిలో కొన్నాం. అడవి వాసన, బెల్లం వాసన కలిసి ఉంది. దారిలో సగం నేనే తిన్నాను. కారు మీద కోపం వచ్చినప్పుడల్లా ఒకటి.

ఆ సాయంత్రం సువార్త టైర్లలో గాలి చూపించాలని రాములు గ్యారేజీకి తీసుకెళ్లింది. దుమ్ముగూడెం నుంచి ఆమెకు దగ్గర మెకానిక్ అతనే. ఊరంతా నవమి పనులు మొదలైపోయాయి, ఎటు చూసినా పందిళ్లకు గుంజలు పాతుతున్నారు. రాములు కారును చూడగానే బానెట్ ఎత్తి, "వచ్చిర్రా మేడమ్, నవమికి ఇంకా టైమున్నది కదా అనుకున్న. ఆయిల్ డబ్బా తెప్పియ్యాల్నా?" అన్నాడు.

నేను అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయాను. నవమికి ఊళ్లోకి జనం వస్తే రాములుకు చేతికి సందుండదు. కాబట్టి పందిళ్లు పడుతుండగానే ఆయిల్ మార్చేస్తాడు. ఏటా. సువార్త నేను చెప్పాననుకుంది, రాములు ఆమె అడిగిందనుకున్నాడు.

అంటే సంగతి ఇదీ. క్రిస్మస్‌కు నేను, రంజాన్‌కు ఖాసిం భాయ్, శ్రీరామనవమికి రాములు. ముగ్గురం ఒకరికొకరం తెలియకుండా, ఎవరికి వాళ్లం ఈ బండిని బతికిస్తున్నది నేనే అనుకుంటూ పద్దెనిమిదేళ్లు ఆయిల్ మార్చాం. రంజాన్, నవమి దగ్గర దగ్గరగా వచ్చే ఏడు అయితే పక్షం రోజుల్లో రెండుసార్లు మారి ఉంటుంది. ఏ యజమానీ తన బండిని అంత ముద్దుగా చూసుకుని ఉండడు. నేనూ చూసుకోలేదు.

సువార్త చాలాసేపు నవ్వింది. చర్చి దగ్గర ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాను. చూద్దాం అన్నది.

దుమ్ముగూడెం దాటాక

మర్నాడు పొద్దున గోదావరి ఒడ్డు పట్టుకుని బయలుదేరాం. దుమ్ముగూడెం దాటాక తారు రోడ్డు సన్నబడి, తర్వాత మట్టి దారి. ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు బుట్టలతో పూలేరుకుంటున్నారు. ఈ దారే నా ఆఖరి ఆశ. గుంతలున్నాయి, రాళ్లున్నాయి, ఒక వాగు కూడా ఉంది. కారు అన్నీ తనకు తెలిసిన దారులే అన్నట్టు దాటింది. నిజమే, దానికి తెలిసిన దారులే. తెలియంది నాకు.

సమ్మక్క ఇంటి ముందు దిగేసరికి తొమ్మిది కాలేదు. ఒకసారీ ఆగలేదు. సమ్మక్కకు ముప్పై ఏళ్లుంటాయి, మనిషి బక్కపలచన. సువార్తను కౌగిలించుకుని, కారు బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. వాళ్లమ్మ అంబలి ఇచ్చింది, అందులోకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. తాగుతుండగా వాళ్ల నాన్న చేనులోంచి వచ్చాడు. కూతురితో కోయలో ఏదో మాట్లాడి కారు చుట్టూ తిరిగాడు.

మా వైపు ఎవరైనా పాత కారు కొంటే మొదట అడిగేది ఏ సంవత్సరం, ఎంత తిరిగింది అని. ఈ పెద్దాయన అవేవీ అడగలేదు. ఆయనకు ఎడ్లు కొనడం తెలుసు, అదే పద్ధతిలో కారును చూశాడు. ముందు టైర్లు వేలితో నొక్కాడు. తర్వాత ఇంటి వెనక గుట్ట మీదికి నడపమన్నాడు. తను, సమ్మక్క, వాళ్లమ్మ, సువార్త, రెండు వడ్ల బస్తాలతో సహా ఎక్కారు. ఆ ఎత్తు రెండుసార్లు ఎక్కించి దింపించాడు. దిగాక ఇంజన్ ఆపమన్నాడు.

"ఎద్దును కొంటే గిట్లనే చూస్తం సారూ. బరువు మోయించి, అలిసినంక పండవెడ్తం. మళ్లా లేపుతం. దానంతట అది లేస్తే మంచి ఎద్దు."

కారు అలిసింది కాబట్టి కాసేపు పడుకోనివ్వాలన్నాడు. మేం అంబలి పూర్తి చేశాం. తర్వాత లేపమన్నాడు. తాళం తిప్పాను.

టక్ అన్నది. అంతే. మళ్లీ తిప్పాను. టక్.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. దసరా నుంచి, పట్టా తీసి నేను ఊళ్లో తిప్పుకొచ్చినప్పుడు, నెలకొకసారి కారు ఇలా చేస్తోంది. బాగా వేడెక్కి ఆపాక వెంటనే లేవదు. స్టార్టర్ మోటారు అరిగింది. దాని నెత్తి మీద పానాతో రెండు దెబ్బలు వేస్తే లేస్తుంది. ఎక్కడ వెయ్యాలో నాకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు, ఎందుకంటే యజమాని చేతిలో ఆయుష్షు అని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి నేనే. ఈ రెండు రోజులూ దారిలో మళ్లీ అలా చేస్తుందేమోనని అడుగడుగునా ఎదురుచూశాను. చాయ్‌కి ఆపినా, భోజనానికి ఆపినా చెయ్యలేదు. ఇప్పుడు చేసింది.

అందరూ నా వైపు చూస్తున్నారు. నేను నోరు మూసుకుని ఇంకోసారి తాళం తిప్పితే చాలు. తాళం ఇంకా సమ్మక్కకు ఇవ్వలేదు కాబట్టి సువార్త మాట మాటే. భద్రాచలం నుంచి ఏ బండో పిలిపించి కట్టి లాక్కుపోతాం. ఇల్లు చేరాక నేను రెండు దెబ్బలు వేసుకుంటాను. నేను అడిగిందే దొరికింది. సమ్మక్క ఎండలో, గోడకు ఆనించిన తన స్కూటీ వైపు చూసి చూపు తిప్పుకుంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంత వయసులో, ఇంతమంది ముందు వస్తే ఎంత వేడిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

దిగి డిక్కీలోంచి పానా తీశాను. బానెట్ ఎత్తి సమ్మక్కను పిలిచాను.

"ఇటు రామ్మా. ఈ గుండ్రటిది ఉన్నదే, దీని నెత్తి మీద. గట్టిగ కాదు. నిద్ర లేపినట్టు, రెండే."

ఆమె రెండు దెబ్బలు వేసింది. నేను తాళం తిప్పాను. కారు లేచింది.

సువార్త వచ్చి పక్కన నిలబడింది. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. దసరా నుంచి అన్నాను. ఆమె, "ఆగింది కదండి. మాట ప్రకారం వెనక్కి తీస్కపోదాం," అన్నది. అది కోపమో, నాకిచ్చిన ఆఖరి అవకాశమో నాకు ఇప్పటికీ తెలియదు.

"అది ఆగలే. నేను దాచిన, అంతే," అన్నాను. "స్టార్టర్ మార్పిద్దాం. బండి ఇక్కడిదే. నేను ఆదివారాలు మాత్రమే తోలిన."

పెద్దాయన మా మాటలేవీ పట్టించుకోలేదు. వీపు మీద చెయ్యి వేస్తే లేచే ఎద్దు కూడా మంచిదేనని, నలుగురు పట్టి లేపాల్సిన ఎద్దునే కొనకూడదని కూతురితో చెప్పాడు. సమ్మక్క మాకు తెలుగులో చెప్పింది. తాళం ఆమె చేతిలో పెట్టాను. అన్నీ చెప్పాలనిపించి, ఆయిల్ ఎప్పుడు మార్చాలో కూడా చెప్పబోయాను. విత్తనాలు వేసే ముందు చేసుకునే వాళ్ల భూమి పండుగకు తనే మార్పిస్తానన్నది సమ్మక్క. రాములు, ఖాసిం భాయ్ ఉన్నారు కదా, వాళ్లకు చెప్పు అన్నాను. వాళ్లకు చెప్పొద్దు, వాళ్ల పని వాళ్లను చేసుకోనీ అన్నది సువార్త.

తిరుగు దారి

మధ్యాహ్నం సమ్మక్కే మమ్మల్ని భద్రాచలం తెచ్చింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నా కారులో వెనక సీట్లో కూర్చున్నాను. ఎడమ వైపు స్ప్రింగు ఒకటి గుచ్చుతుందని మా అత్తగారు చనిపోయేదాకా చెప్పింది. నేను నమ్మలేదు. ఆమె చెప్పింది నిజం.

ముందు సీట్లో సువార్త, సమ్మక్క దవాఖానా కబుర్లలో పడ్డారు. ఆ పిల్ల వాగు దగ్గర గేరు మార్చిన తీరు అచ్చం సువార్తదే. అద్దంలో నన్ను చూసి రెండుసార్లు, కుదురుగా కూర్చున్నారా సార్ అని అడిగింది. కూర్చున్నానన్నాను. స్ప్రింగు సంగతి చెప్పలేదు. మళ్లీ దాచడం అవుతుందని గుర్తొచ్చి, గ్యారేజీ దగ్గర దిగేటప్పుడు చెప్పాను.

రాములు గంటన్నరలో కొత్త స్టార్టర్ బిగించాడు. డబ్బులు నేనే ఇచ్చాను, అది నా బాకీ. సమ్మక్క తాళం తిప్పగానే కారు వెంటనే లేచింది. కొట్టాల్సిన పనే లేదు. దానికి ఇక నా అవసరం లేదని తెలిసి సంతోషపడాలి, పడ్డాను కూడా. కానీ అది సందు మలుపు తిరిగేదాకా చూడలేకపోయాను. పాత స్టార్టర్ పాత ఇనుముకు వేస్తావా అని రాములును అడిగాను. వేస్తాను, కావాలంటే తీసుకెళ్లండి సార్ అని పేపర్లో చుట్టి ఇచ్చాడు.

ఖమ్మం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సువార్తకు టికెట్ ఉచితం, నాకు మాత్రం డబ్బులు. స్టార్టర్ నా ఒళ్లో ఉంది. పేపర్లోంచి నల్లటి గ్రీజు ప్యాంటు మీదికి దిగుతోంది. సువార్త అది చూసి సంచిలోంచి తువ్వాలు తీసి దాని కింద సర్దింది, చిన్నపిల్లల కింద సర్దినట్టు.

కండక్టర్ వచ్చి టికెట్ కొట్టి, ఒళ్లో ఉన్నదాన్ని వేలితో తట్టాడు.

"బరువున్నట్టున్నది. ఏంది సార్ అది?"

"మా కారు," అన్నాను.